టెక్ సందేహాలు: నేల గీత కింద ఇంకో గీత

ప్రశ్న: మాది కాకినాడ. మా మావయ్య బోటు తాడు తెగి లంగరు బురదలో కూరుకుపోయింది. ఆ చోట ఫిష్ ఫైండర్ స్క్రీన్ మీద నేల గీత కింద ఇంకో గీత కనిపిస్తోంది. అది లంగరేనా? ఇంకా లోపలికి చూపించే సెట్టింగ్ ఏదైనా ఉందా?

జవాబు: ముందు లోతులు చూడండి. మొదటి గీత 12 మీటర్ల దగ్గర, రెండోది ఇంచుమించు 24 దగ్గర ఉంటే అది లంగరు కాదు. ఫిష్ ఫైండర్ నీటిలోకి శబ్దం పంపి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి లోతు చెబుతుంది. నేలకు తగిలి పైకొచ్చిన శబ్దం నీటి ఉపరితలానికి కొట్టుకుని మళ్లీ కిందికెళ్లి వస్తుంది. రెండింతలు ఆలస్యమైంది కాబట్టి లోతు కూడా రెండింతలని మిషన్ లెక్కేస్తుంది. బోటును 10 మీటర్ల లోతుకు తీసుకెళ్లండి, కింది గీత 20కి జరుగుతుంది. గెయిన్ (ప్రతిధ్వనిని ఎంత పెంచి చూపాలో చెప్పే సెట్టింగ్) తగ్గిస్తే చాలావరకు మాయమవుతుంది.

ఇంకా లోపలికి చూపించే సెట్టింగ్ మాత్రం లేదు. ఫిష్ ఫైండర్లు ఎక్కువగా 200, 50 కిలోహెర్ట్జ్‌లలో పనిచేస్తాయి. అంత సన్నని శబ్దాన్ని మట్టి వెంటనే మింగేస్తుంది. పక్కవీధి పెళ్లిలో సన్నాయి వినపడకపోయినా డోలు మన గదిలోకి వస్తుంది కదా, అదే సంగతి. పూడిపోయినవి చూడాలంటే సబ్-బాటమ్ ప్రొఫైలర్ కావాలి, అంటే తక్కువ స్థాయి శబ్దంతో నేల లోపలి పొరలు చూపే పరికరం. అందులో చర్ప్ రకానివి సుమారు 2 నుంచి 16 కిలోహెర్ట్జ్ దాకా ఈల వేసినట్టు శబ్దం పంపుతాయి. అది మనకూ వినిపిస్తుంది. మెత్తని బురదలో బాగా లోపలికి వెళ్తుంది, గట్టి ఇసుకలో తొందరగా ఆగిపోతుంది. నదీముఖాల దగ్గర బురదలో కుళ్లిన చెత్త వల్ల గ్యాస్ బుడగలుంటే కింద ఏముందో అసలు తెలియదు.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది మేరీ రోజ్. 1545లో ఇంగ్లండ్ తీరంలో మునిగిన 8వ హెన్రీ యుద్ధనౌక అది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన హెరాల్డ్ ఎడ్జర్టన్ 1967లో సోనార్‌తో (శబ్దం పంపి ప్రతిధ్వనితో వెతికే పరికరం) వెతికినప్పుడు సముద్రపు నేల కింద ఏదో ఉన్న ఆనవాలు దొరికింది. 1982లో నౌకను పైకి తీశారు.

అయితే అది ఓడ, మీది లంగరు. చిన్న వస్తువు ప్రొఫైలర్ స్క్రీన్ మీద బోర్లించిన గిన్నెలా వంపుగా కనిపిస్తుంది: బోటు దూరంగా ఉన్నప్పుడు ప్రతిధ్వని ఆలస్యంగా, సరిగ్గా పైకి రాగానే త్వరగా వస్తుంది. ఆ వంపు రావాలంటే బోటు దాదాపు దాని నెత్తి మీదుగా వెళ్లాలి. లంగరు ఇనుముదే కాబట్టి మాగ్నెటోమీటర్‌తో (అయస్కాంత క్షేత్రంలో తేడాలు పసిగట్టే పరికరం) వెతకడం తేలిక. ఏదైనా సర్వే బోటు అద్దెకు అడిగే ముందు కొత్త లంగరు రేటు కనుక్కోండి.