ప్రతి ఇరవై రెండో తేదీన కేకు ఎందుకు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. డోనట్ డే, ఐస్‌క్రీమ్ డే, కాఫీ డే అంటూ రోజుకొకటి వచ్చే తిండి పండగల గురించి. నాకు ఇవంటే చాలా ఇష్టం, కేలండర్ మీద రాసి పెట్టుకుంటాను కూడా, అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాను. ఇలాంటి రోజు కనిపించగానే నేను మొదట వెతికేది ఒక్కటే: ఆ తేదీయే ఎందుకు? దానికి జవాబు దొరికిందంటే వెనక మంచి కథ ఉన్నట్టే.

ప్రశ్న: పొద్దున్నే ఫోన్ తెరిస్తే "ఈ రోజు జాతీయ ఫలానా దినం" అని మెసేజ్. వీటిని ఎవరు ప్రకటిస్తారు? ప్రభుత్వమేనా?

చాలావాటికి ఏ ప్రభుత్వంతోనూ సంబంధం లేదండీ. "నేషనల్" అని వచ్చేవి ఎక్కువగా అమెరికావి. అక్కడ ఒక వ్యాపార సంఘం, ఒక కంపెనీ, ఆఖరికి సరదా పుట్టిన ఒక మామూలు మనిషి కూడా ఒక రోజుకి పేరు పెట్టేయొచ్చు, నచ్చితే జనం పట్టుకుంటారు, లేకపోతే మరిచిపోతారు. ఇలాంటి స్మారక దినాల బిల్లులు ఎక్కువైపోతున్నాయని 1995లో అక్కడి ప్రతినిధుల సభ వాటిని ప్రవేశపెట్టకూడదని నిబంధనే పెట్టుకుంది.

అయితే నిజంగా అధ్యక్షుడి సంతకం పడింది ఒకటుంది, ఐస్‌క్రీమ్ డే. 1984 జులై 9న రోనాల్డ్ రీగన్ ఆ నెలను ఐస్‌క్రీమ్ నెలగా, జులై 15ను ఐస్‌క్రీమ్ దినంగా ప్రకటించారు, తగిన వేడుకలతో జరుపుకోమని ప్రజలకి పిలుపు కూడా ఇచ్చారు. ఆ ప్రకటన ఆ ఒక్క ఏడాదికే. కానీ ఆ జులై 15 నెలలో మూడో ఆదివారం అయ్యింది, జనం దాన్నే గుర్తుపెట్టుకుని ఇప్పటికీ ప్రతి జులై మూడో ఆదివారం చేసుకుంటున్నారు. ఐస్‌క్రీమ్ తినడానికి మళ్లీ సంతకం అక్కర్లేదని వాళ్లు అనుకోవడం నాకు బాగా నచ్చింది.

ప్రశ్న: మరి ఐక్యరాజ్య సమితి వాళ్లవి?

ఉన్నాయి. ఫిబ్రవరి 10 పప్పుధాన్యాలకి, మే 21 టీకి, మే 30 బంగాళదుంపకి. అక్టోబర్ 16 ప్రపంచ ఆహార దినం, 1945లో అదే తేదీన ఆహార, వ్యవసాయ సంస్థ పుట్టింది కాబట్టి. టీకి మే నెల ఎందుకంటే చాలా దేశాల్లో మంచి రకం ఆకు కోత మొదలయ్యే కాలం అది. కాఫీది మాత్రం ఐక్యరాజ్య సమితి పెట్టింది కాదు, అంతర్జాతీయ కాఫీ సంస్థ 2015లో మొదలుపెట్టింది, అక్టోబర్ 1న. మనకి జనవరి 1 ఎలాగో కాఫీ లెక్కల వాళ్లకి కొత్త సంవత్సరం ఆ రోజే మొదలవుతుంది.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి. మా లెక్కల టీచర్ మార్చి 14 పై డే అన్నారు. ఆ రోజు పై అనే వంటకం తింటారట. లెక్కలకీ తిండికీ సంబంధం ఏంటి?

పలికే తీరు ఒక్కటే కావడం, అంతే! వృత్తం చుట్టుకొలతని వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్యని ఇంగ్లీషులో పలికేదీ "పై", లోపల పండ్లో మాంసమో కూరి ఓవెన్లో కాల్చే ఆ వంటకమూ "పై". అమెరికాలో నెల ముందు రాసి తేదీ తర్వాత రాస్తారు కాబట్టి మార్చి 14 అంటే 3.14 అయింది. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ మ్యూజియంలో లారీ షా అనే భౌతిక శాస్త్రవేత్త మొదలుపెట్టాడు, అక్కడ పనిచేసేవాళ్లంతా గుండ్రంగా తిరిగి పండ్ల పైలు తిన్నారు. ఐన్‌స్టీన్ పుట్టింది కూడా మార్చి 14నే, 1879లో. 2019లో యునెస్కో ఆ రోజుని అంతర్జాతీయ గణిత దినంగా ప్రకటించింది.

ఇప్పుడు మీ టీచర్‌కి చెప్పడానికి ఒక సంగతి. తేదీ ముందు రాసే మనలాంటి వాళ్లు జులై 22న పై డే చేసుకోవచ్చు, 22/7 కదా. పైగా 3.14 కన్నా 22/7 అసలు పై విలువకి ఇంకా దగ్గర! పై 3.14159, 22/7 అంటే 3.14285. తేడాలు నువ్వే తీసి చూడు, నమ్మకం కుదురుతుంది.

ప్రశ్న: ఈ రోజులన్నీ అమ్మకాలు పెంచుకోవడానికి పెట్టుకున్నవే అని మా అన్నయ్య వాదన. నిజంగా గౌరవించాల్సిన తిండి దినం ఒక్కటైనా ఉందా?

ఉంది. డోనట్ డే. దీని గురించి తెలిసినప్పటి నుంచి డోనట్‌ని నేను మామూలు తీపి పదార్థంలా చూడలేకపోతున్నాను.

1917, మొదటి ప్రపంచ యుద్ధం. ఇంటికి వేల మైళ్ల దూరంలో ఫ్రాన్స్‌లో ఉన్న అమెరికా సైనికులకి సాయం చేయడానికి సాల్వేషన్ ఆర్మీ అనే సేవా సంస్థ నుంచి మహిళలు వెళ్లారు. ఇంటి తిండి రుచి చూపించాలని వాళ్ల తాపత్రయం, కానీ యుద్ధభూమి దగ్గర కేకులు కాల్చేందుకు ఓవెన్ ఎక్కడ దొరుకుతుంది? పిండి ఉంది, పంచదార ఉంది, వేయించడానికి కొవ్వు ఉంది. మార్గరెట్ షెల్డన్, హెలెన్ పర్వయన్స్ అనే ఇద్దరు డోనట్లు వేద్దామన్నారు. వత్తడానికి కర్ర లేకపోతే వైన్ సీసాతో వత్తారనీ, చాలినన్ని గిన్నెలు లేనప్పుడు సైనికుల ఇనప హెల్మెట్లలోనే నూనె కాచి వేయించారనీ చెప్పుకుంటారు. ఆ వాసనకే సైనికులు వచ్చి వరసలో నిలబడేవాళ్లట. ఆ మహిళలకి డోనట్ గర్ల్స్ అనే పేరు వచ్చేసింది.

తర్వాత 1938లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, షికాగోలో అదే సంస్థ ఆ మహిళల గౌరవార్థం ఒక రోజు పెట్టింది, పేదవాళ్ల సాయానికి విరాళాలు పోగుచేయడానికి కూడా అది పనికొచ్చింది. ఇప్పటికీ జూన్ మొదటి శుక్రవారం ఆ రోజు. అమ్మకాల కోసం పెట్టుకున్న రోజులు బోలెడున్నాయి, మీ అన్నయ్య మాట పూర్తిగా తప్పు కాదు, కానీ ఆయనకి ఈ కథ ఒక్కసారి చెప్పి చూడండి.

ప్రశ్న: ఏడాదికి ఒక్కసారే కాకుండా నెలనెలా వచ్చే తిండి పండగ ఏదైనా ఉందా?

ఈ ప్రశ్న రాసిన పాఠకుడికి ప్రత్యేకంగా థాంక్స్, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథలు ఇక్కడే ఉన్నాయి.

జపాన్‌లో ప్రతి నెలా 22 షార్ట్‌కేక్ రోజు. అక్కడి షార్ట్‌కేక్ అంటే మెత్తటి స్పాంజి కేకు, మీద క్రీము, ఆపైన ఒక స్ట్రాబెర్రీ. 22కీ దీనికీ సంబంధం ఏంటో కేలండర్ చూస్తేనే తెలుస్తుంది. వారానికో వరస ఉండే కేలండర్లో 22 సరిగ్గా పైన ఉండేది ఎప్పుడూ 15. జపనీస్‌లో ఒకటి "ఇచి", అయిదు "గో". "ఇచిగో" అంటే స్ట్రాబెర్రీ. అంటే 22 నెత్తి మీద నెలనెలా ఒక స్ట్రాబెర్రీ కూర్చుని ఉంటుంది! ఇది మొదట ఎవరికి తట్టిందో గానీ, ఆ మనిషి కేలండర్‌ని చూసిన చూపు నాకు కావాలి. నేను ఇది చెప్పిన ప్రతివాళ్లూ లేచి వెళ్లి గోడ మీద కేలండర్ చూసినవాళ్లే. అదే లెక్కన 29 మాంసం రోజు, రెండు "ని", తొమ్మిది "కు", "నికు" అంటే మాంసం.

అర్జెంటీనాలో కూడా నెలనెలా 29నే, కానీ కథ వేరు. ఆ రోజు న్యోకీ తింటారు, ఉడికించిన బంగాళదుంపా పిండీ కలిపి చేసే చిన్న చిన్న ఉండలు, ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్లతో వచ్చిన వంట. నెలాఖరు, జీతం ఇంకా రాలేదు, ఇంట్లో మిగిలేవి దుంపలూ పిండే. అందుకని ఆ రోజు న్యోకీ. తినేటప్పుడు కంచం కింద ఒక నోటు పెడతారు, వచ్చే నెల డబ్బుకి లోటు రాకూడదని. చేతిలో డబ్బు లేని రోజునే పండగ చేసుకున్నారు చూడండి, అందులో ఎంత ధైర్యం ఉందో. ఇంకో తమాషా, ఆ దేశంలో పనికి రాకుండా నెలాఖరుకి జీతం తీసుకోవడానికి మాత్రమే కనిపించే ఉద్యోగిని కూడా "న్యోకీ" అనే అంటారు. 29నే కనిపిస్తాడు కదా మరి.

ప్రశ్న: ప్రేమికుల రోజు జంటలకి. ఒంటరివాళ్లకి ఏమీ లేదా?

దక్షిణ కొరియా వాళ్లు ఆలోచించారు. ఫిబ్రవరి 14న అమ్మాయిలు చాక్లెట్లు ఇస్తారు, మార్చి 14న అబ్బాయిలు తిరిగి కానుకలిస్తారు, ఏ రోజూ ఏమీ అందనివాళ్లు ఏప్రిల్ 14న కలిసి కూర్చుని జాజంగ్‌మ్యోన్ తింటారు, పులియబెట్టిన నల్లటి సోయా ముద్దతో చేసిన సాస్ వేసిన నూడుల్స్. దాని పేరే బ్లాక్ డే. స్నేహితులంతా కలిసి కడుపునిండా తినడం కాబట్టి మూడింటిలో నా ఓటు దీనికే.

ప్రశ్న: తిండికి సంబంధించి మిమ్మల్ని బాగా నవ్వించినవి రెండు మూడు చెప్పండి.

ఆగస్టు 8. దాని పేరు, చెప్తే నమ్మరు గానీ, "చప్పుడు కాకుండా పక్కింటి గుమ్మంలో జుకినీలు పెట్టొచ్చే రోజు". జుకినీ చూడ్డానికి కీరాలా ఉండే కాయ, రెండు మొక్కలు పెడితే చాలు ఇల్లంతా నిండిపోయేంత కాపు. తినలేరు, పారేయలేరు, పంచుదామంటే పక్కింట్లోనూ అదే పంట. పెన్సిల్వేనియాలో థామస్ రాయ్, రూత్ రాయ్ అనే దంపతులు ఇలాంటి సరదా రోజులు చాలా సృష్టించారు, ఇది వాళ్లదే. తోట పెంచినవాళ్లందరికీ ఆ బాధ తెలుసు, అందుకే ఇంత నవ్వొస్తుంది.

స్వీడన్‌లో మార్చి 25 వాఫెల్స్ రోజు, వాఫెల్ అంటే గళ్ల అచ్చులో పిండి పోసి కాల్చే వంటకం. ఇది పొరపాటు వినికిడి వల్ల పుట్టింది. అసలది మేరీమాత పండగ, వాళ్ల భాషలో "వోర్‌ఫ్రూదాగెన్". గబగబా అంటే "వాఫెల్దాగెన్", అంటే వాఫెల్స్ రోజు, అన్నట్టు వినిపిస్తుంది. వినిపించింది కదా, తినేశారు. వందల ఏళ్ల పండగలోకి ఒక వంటకం ఇలా నడిచి వచ్చేసింది.

మూడోది పండగ కాదు, ఏప్రిల్ ఫూల్. 1957 ఏప్రిల్ 1న బీబీసీ వాళ్ల పనోరమా అనే వార్తా విశేషాల కార్యక్రమంలో స్విట్జర్లాండ్‌లో స్పఘెట్టి (నిజానికి పిండితో చేసే పొడవాటి ఇటలీ నూడుల్స్) పంట బాగా పండిందని వార్త వేశారు. చెట్ల కొమ్మలకి వేలాడుతున్న స్పఘెట్టిని ఆడవాళ్లు కోసి ఎండబెడుతున్న దృశ్యాలు, వెనక ఆ కార్యక్రమ వ్యాఖ్యాత రిచర్డ్ డింబుల్‌బీ గంభీరమైన గొంతు. స్పఘెట్టి అప్పటికి బ్రిటన్‌లో అందరూ ఎరిగిన తిండి కాదు. ఆ చెట్టు ఎలా పెంచాలి అని ఫోన్లు వచ్చాయి. ఒక స్పఘెట్టి కొమ్మని టమాటా సాస్ డబ్బాలో గుచ్చి మంచి జరగాలని ఆశించండి, అని జవాబు ఇచ్చారట!

ప్రశ్న: టమాటా పండా, కూరగాయా? ఇంట్లో పందెం నడుస్తోంది.

ఇద్దరూ గెలిచారు. వృక్షశాస్త్రం ప్రకారం పండు. 1893లో అమెరికా సుప్రీంకోర్టు ప్రకారం కూరగాయ, ఎందుకంటే దిగుమతి సుంకం కూరగాయల మీదే ఉండేది, జనం దాన్ని భోజనంలో తింటారు గానీ చివర్లో తీపి పండులా తినరు కదా అని కోర్టు తేల్చింది. ఈ పందెం ఇక్కడితో ఆపి అరటిపండు బెర్రీనా కాదా అని కొత్తది మొదలుపెట్టండి. (అరటి బెర్రీయే. స్ట్రాబెర్రీ కాదు.)

ప్రశ్న: మనమే ఒక రోజు మొదలుపెడితే నిలుస్తుందా?

నిలిచినవి ఉన్నాయి. సారా రోసో అనే అమెరికన్ మహిళ, బ్రెడ్ మీద రాసుకునే చాక్లెట్ ముద్ద నుటెల్లా మీద ఇష్టంతోనే, 2007లో ఫిబ్రవరి 5ని ప్రపంచ నుటెల్లా దినంగా మొదలుపెట్టింది. 2013లో ఆ కంపెనీ నుంచే ఆపమని లీగల్ లెటర్ వచ్చింది, అభిమానులు గొడవ చేసేసరికి వెనక్కి తీసుకున్నారు, 2015లో ఆమే ఆ రోజుని కంపెనీకి అప్పగించింది. మీరు మొదలుపెట్టాలనుకుంటే వంటకం కన్నా ముందు తేదీ గురించి ఆలోచించండి. విన్నవాళ్లు "ఓహో, అందుకా!" అనేలా ఉంటే వచ్చే ఏడాది మీరు గుర్తుచేయక్కర్లేదు, వాళ్లే మీకు గుర్తుచేస్తారు.

ప్రశ్న: మా పాప పుట్టినరోజు ఆగస్టు 31. ఆ రోజు ఏ తిండి దినమో చెప్పండి, అదే వండి సర్‌ప్రైజ్ ఇస్తాను. తనకి కూరగాయలు తప్ప ఏదైనా ఇష్టమే.

అమ్మా, కొంచెం టెన్షన్ పెట్టే జవాబే ఇది. ఆగస్టు 31 జపాన్‌లో కూరగాయల రోజు. ఎనిమిది "య", మూడు "స", ఒకటి "ఇ", కలిపితే "యసాయి", అంటే కూరగాయలు. కంగారు పడకండి, క్యారెట్ కేక్ చేయండి. క్యారెట్‌ని బాగా సన్నగా తురమండి, ముక్కలు పంటికి తగలకూడదు, పైన క్రీము మందంగా రాయండి. పాప రెండో ముక్క అడిగాక ఆ తేదీ కథ చెప్పండి, అంతవరకూ చెప్పొద్దు.