ఊరి పాటకి స్ట్రైకు పడితే

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

గుణుపురం సంబరంలో నువ్వు తీసిన తప్పెటగుళ్ల వీడియో మీద యూట్యూబ్ పంపిన మెయిలు చదివాను. ఆ పాట తమదని ఓ కంపెనీ ఫిర్యాదు చేస్తే వీడియో తీసేసి, నీ ఛానల్‌కి కాపీరైట్ స్ట్రైకు, అంటే హెచ్చరిక, వేశారన్నమాట. కంగారులో ఆ వీడియో డిలీట్ చేసీకు. చేసినా స్ట్రైకు పోదు.

ఉత్త క్లెయిమైతే, అంటే ‘ఇందులో మా పాటుంది’ అన్న దావా మాత్రమే అయితే, మామూలుగా వీడియో ఉంటుంది, ఆదాయం కంపెనీకి పోతుంది. కాదని డిస్ప్యూట్ పెడితే 30 రోజుల్లో వాళ్లు జవాబివ్వాలి. నీది అది కాదు, తొలగింపు. 90 రోజుల్లో ఇలాంటివి మూడు పడితే ఛానలే ఎత్తేస్తారు. దీనికి కౌంటర్ నోటిఫికేషన్, అంటే తొలగింపు తప్పు, వీడియో తిరిగి పెట్టండన్న ఎదురు ఫారం, వెయ్యాలి.

వేసే ముందు హెడ్‌ఫోన్ పెట్టుకుని, వాళ్లు తమదన్న పాట పక్కన నీ వీడియో రెండుసార్లు విను. తాతల నాటి పాట ఎవరి సొత్తూ కాదు. కానీ కంపెనీ దాన్ని స్టూడియోలో పాడించి విడుదల చేస్తే ఆ రికార్డింగు మన చట్టం ప్రకారం 60 ఏళ్లు దానిదే. గుడి దగ్గర డీజే బాక్సుల్లో అదే మోగుతూ నీ ఫోన్లో పడిందనుకో, తప్పు మనదే. పేచీ వద్దు, ఫిర్యాదు వెనక్కి తీసుకోమని వాళ్లనే బతిమాలుకో. గొంతులు, తప్పెట్లు, గజ్జెలు అన్నీ మన బృందానివే అయితే వదలకు.

యూట్యూబ్ స్టూడియోలో కంటెంట్‌కి వెళ్లి, ఆ వీడియో వరసలో కాపీరైట్ అన్నచోట వివరాలు తెరిచి ఆ ఫారం తియ్యి. ఛానల్ పేరు చెల్లదు, అసలు పేరు రాయాలి. ఇంటిపేరు ముందో వెనకో మనకి కార్డుకో రకంగా ఉంటుంది కదా, ఆధార్‌లో ఉన్నట్టే రాయి. చిరునామా, ఫోన్ నంబరు ఫిర్యాదుదారుకి చేరతాయి. అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నట్టు కూడా ఉంటుంది. అబద్ధమాడితే శిక్షకి లోబడతానన్న ప్రమాణం అది. అందుకే ముందు బాగా వినమన్నాను.

కారణం రాసేచోట ‘ఇది మా సంస్కృతి’ లాంటి ఆవేశం పనికిరాదు. ఇలా రాయి: ‘ఇది నోటి వెంట వచ్చిన జానపదం. ఫలానా తేదీన, ఫలానా వీధిలో, ఫలానా బృందం పాడగా నా ఫోన్లో రికార్డు చేశాను. ఫిర్యాదుదారు రికార్డింగులో ముక్క కూడా ఇందులో లేదు.’ అంతే.

తర్వాత వాళ్లకి 10 పనిదినాలు, అమెరికా లెక్కన. శని, ఆదివారాలు, అక్కడి సెలవులు తీసేసి లెక్కపెట్టుకో. ఆలోగా కోర్టుకి వెళ్లినట్టు చూపకపోతే వీడియో తిరిగొస్తుంది.

ఒరిజినల్ ఫైలు ఫోన్లోంచి కేబుల్‌తోనే కంప్యూటర్‌కి ఎక్కించు. వాట్సాప్‌లో పంపుకుంటే నాణ్యత చచ్చిపోతుంది, తీసిన తేదీ వివరాలూ పోతాయి. పాడినవాళ్లకీ తమ ప్రదర్శన మీద హక్కుంది, బృందం పెద్ద చేత తెల్లకాగితం మీద ఒప్పుదల సంతకం తీసుకో.

ఫారం పంపేముందు ఓసారి నాకు చూపించు. అమ్మని అడిగానని చెప్పు.

మావయ్య