ఇల్లు – అప్పు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగులం. అద్దె ఇంట్లో ఉంటూ మొదటిసారి సొంత ఇల్లు కొనాలనుకుంటున్నాం. మా జీతాలు చూసి బ్యాంకువారు మేం అడిగినదానికన్నా పెద్ద మొత్తమే ఇస్తామంటున్నారు. 20 ఏళ్లకు బదులు 30 ఏళ్లు పెట్టుకుంటే నెలవాయిదా తగ్గుతుందని, ఇంకా పెద్ద ఇల్లు చూసుకోవచ్చని అక్కడి అధికారి చెప్పారు. ఆ సలహా పాటించవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: బ్యాంకు ఎంత ఇస్తుందన్నది ఒక లెక్క, మీరు ఎంత తీర్చగలరన్నది మరో లెక్క. మీ ఆదాయం, ఇప్పటికే ఉన్న అప్పుల వాయిదాలు, గతంలో తీర్చిన తీరు, ఇంటి విలువ చూసి బ్యాంకు తన లెక్క తాను వేసుకుంటుంది; పైగా ఇల్లు తనఖాలో ఉంటుంది కాబట్టి దాని ధైర్యం దానికుంటుంది. రేపు మీలో ఒకరు కొంతకాలం ఉద్యోగం మానవలసి రావచ్చునన్న సంగతి దరఖాస్తులో ఏ గడిలోనూ ఉండదు. అది మీరే వేసుకోవలసిన లెక్క.

ఇక కాలపరిమితి సంగతి. ఏ కరెన్సీలోనైనా సరే, లక్ష అప్పు తీసుకున్నారనుకుందాం, వడ్డీ ఏడాదికి 9 శాతం. 20 ఏళ్లకైతే నెలవాయిదా సుమారు 900, 30 ఏళ్లకైతే సుమారు 805. నెలకు మిగిలేది 95 మాత్రమే. మొత్తం మీద కట్టేది మాత్రం మొదటి పద్ధతిలో సుమారు 2,16,000 అయితే, రెండో పద్ధతిలో 2,90,000 దగ్గరకు వెళుతుంది. వాయిదా పదో వంతు తేలికైనందుకు పదేళ్ల అప్పు అదనంగా నెత్తిన పడుతుందన్నమాట.

కారణం మొదటి వాయిదాలోనే కనిపిస్తుంది. ఆ 900లో 750 వడ్డీకే పోతుంది, అసలులో జమయ్యేది 150. 805 కట్టేవారికైతే అసలు తగ్గేది 55 మాత్రమే. 20 ఏళ్ల అప్పులో కూడా అసలు సగానికి దిగేది 14 ఏళ్లు కట్టాకే. ఏడేళ్లు కట్టి బాకీ కాగితం చూసుకుని నిర్ఘాంతపోయేవారు అందుకే అంతమంది.

అలాగని 30 ఏళ్లు ఎప్పుడూ తప్పని అనను. ముందస్తు చెల్లింపుపై రుసుము లేకపోతే, 805 వాయిదా పెట్టుకుని ప్రతి నెలా 900 కట్టేవారికి అప్పు 20 ఏళ్లకే తీరుతుంది, కష్టకాలంలో 805కు దిగే వెసులుబాటూ ఉంటుంది. అయితే ఆ 95 ప్రతి నెలా గుర్తుపెట్టుకుని కట్టేవారు అరుదు. తగ్గిన వాయిదాను చూపి పెద్ద ఇల్లు కొంటే ఆ వెసులుబాటు కూడా మిగలదు, కాబట్టి అధికారి సలహాలో రెండో సగాన్ని వదిలేయండి.

సంతకం పెట్టేముందు ఒక పని చేయండి. రాబోయే వాయిదాలోంచి ఇప్పటి అద్దెను తీసివేసి, మిగిలిన మొత్తాన్ని ఆరు నెలలపాటు జీతం వచ్చిన రోజే వేరే ఖాతాలో వేయండి. మరమ్మతులకు, పన్నుకు, బీమాకు మరికొంత కలపండి. మూడో నెలలోనే ఆ ఖాతాలో చేయి పెట్టవలసి వస్తే, ఇంకా చిన్న ఇల్లు చూసుకోవాలని అర్థం. పెట్టకుండా గడిస్తే ఆ డబ్బు డౌన్ పేమెంటుకే, అంటే ఇంటి ధరలో అప్పు పోను మీరు ముందుగా చేతినుంచి కట్టవలసిన సొమ్ముకే, పనికొస్తుంది.

ప్రశ్న: మా అన్నయ్య గృహరుణం ఫ్లోటింగ్ రేటుపై (అప్పు మధ్యలో పెరిగే, తగ్గే వడ్డీపై) తీసుకున్నాడు. రేట్లు పెరిగినా తన వాయిదా మారలేదని సంతోషంగా ఉన్నాడు. నేను కూడా అదే తీసుకోవచ్చా?

జవాబు: వాయిదా మారకపోతే మారినది ఏమిటో అన్నయ్యగారిని ఒకసారి చూసుకోమనండి. పెరిగిన వడ్డీని వాయిదాలో కలపకుండా గడువులో కలపడం చాలాచోట్ల ఉన్న పద్ధతే. పై ఉదాహరణలో అప్పు మొదట్లోనే రేటు 9 నుంచి 10 శాతానికి చేరిందనుకుంటే, అదే 900 కడుతూ పోతే 240 నెలలు కాస్తా సుమారు 314 నెలలవుతాయి, అంటే 26 ఏళ్లు దాటుతుంది. రేటు 10.8 శాతానికి చేరితే నెల వడ్డీయే 900 అవుతుంది. అసలు బాకీ అంగుళం కూడా కదలదు. ఫ్లోటింగ్ రేటు తీసుకోవద్దని కాదు, రేటు తగ్గినప్పుడు లాభమూ మీదే. రేటు పెరిగితే వాయిదా పెంచుతారా, గడువు పెంచుతారా, ఎంచుకునే హక్కు మీకుందా అని ముందే రాతపూర్వకంగా అడగండి. ఫిక్స్‌డ్ (మారని రేటు) అని చెబితే, అది ఎన్నేళ్ల వరకు ఫిక్స్‌డో అడగడం మరవద్దు.

ప్రశ్న: డౌన్ పేమెంటుకు కొంత తక్కువ పడుతోంది. వ్యక్తిగత రుణంతో సర్దుకోవచ్చా?

జవాబు: వద్దు. దాని వడ్డీ సాధారణంగా ఎక్కువ, గడువు తక్కువ. దాని వాయిదాను మీ ఆదాయంలోంచి తీసేశాకే గృహరుణ అర్హత లెక్కిస్తారు కాబట్టి, ఇటు తెచ్చినది అటు తగ్గుతుంది. రిజిస్ట్రేషన్, న్యాయవాది, విలువ మదింపు ఖర్చులు కూడా చాలావరకు మీ చేతి డబ్బులోంచే పోతాయి. ఈలోగా ఎవరికైనా బయానా ఇవ్వవలసి వస్తే, రుణం మంజూరు కాకపోతే ఆ సొమ్ము వాపసు ఇస్తామన్న షరతు ఒప్పందంలో రాయించుకున్నాకే ఇవ్వండి.