రోకలి దెబ్బ సంగతి దాచాం, ఇప్పుడు చెప్పొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారూ, నెలన్నర క్రితం అర్ధరాత్రి దాటాక వంటింటి గడియ విరగ్గొట్టి ఇద్దరు లోపలికి వచ్చారు. ఇంకొకడు గేటు దగ్గర కాపలా ఉన్నాడు. మా అత్తయ్య మెడ మీద కత్తి పెట్టి నా నల్లపూసలు, ఆవిడ రెండు పేటల గొలుసు, గాజులు తీసుకున్నారు. అత్తయ్య అరవబోతే నోటి మీద గుద్దారు, రెండు పళ్లు ఊడిపోయాయి. మా మరిది రోకలి తెచ్చి కత్తి పట్టుకున్నవాడి చేతి మీద కొట్టాడు. కత్తి కింద పడింది, ఇద్దరూ పారిపోయారు. ‘కొట్టామని చెబితే మీ మీదే కేసు పెడతారు’ అని బంధువులు భయపెట్టడంతో ఫిర్యాదులో ఆ ముక్క రాయలేదు. ఇప్పుడు ముగ్గురూ దొరికారు. ఒకడి కుడి మణికట్టుకు కట్టు ఉందట. కానిస్టేబుల్ ఫోన్లో ఫొటో చూపించి ‘వీడేనా’ అంటే అవునన్నాను. గొలుసు కోర్టులో ఉందంటున్నారు. గేటు దగ్గర ఉన్నవాడికి బెయిల్ వచ్చింది. చీకటి పడితే అత్తయ్య గది తలుపు తీయడం లేదు. ఏం చేయమంటారు?
– పేరు, ఊరు వేయవద్దు

జవాబు: ముందు మీ మరిదిని స్థిమితంగా ఉండమనండమ్మా. రోకలి సంగతి దాచమన్న మీ బంధువులు మంచికే చెప్పి ఉంటారు. కానీ మీ కేసులో గట్టి సాక్ష్యాన్ని వాళ్లే అటకెక్కించారు.

2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 34 నుంచి 44 వరకు సెక్షన్లన్నీ ఆత్మరక్షణ గురించే. మనల్ని మనం కాపాడుకోవడానికే కాదు, పక్కవాళ్లను కాపాడటానికీ ఆ హక్కు ఉంది. దోపిడీ జరుగుతున్నప్పుడు, రాత్రిపూట తలుపులు పగలగొట్టి లోపలికి వచ్చినప్పుడు ఆ హక్కు చాలా దూరం వెళుతుంది. 41వ సెక్షన్ చదివితే మీ బంధువులే ఆశ్చర్యపోతారు: ఆ పరిస్థితిలో దొంగ ప్రాణం పోయినా అది నేరం కాకపోవచ్చు. హద్దు ఒక్కటే, అవసరానికి మించి హాని చేయకూడదు. కత్తి కింద పడి, వాడు లొంగిపోయాక కూడా స్తంభానికి కట్టేసి కొట్టి ఉంటే నా జవాబు వేరేగా ఉండేది. మీ మరిది కత్తి పట్టిన చేతినే కొట్టాడు, అక్కడితో ఆగాడు. దాచాల్సింది ఏముంది ఇందులో?

ఇక ఆ కట్టు సంగతి. అరెస్టు చేసినవాడిని డాక్టరుతో పరీక్ష చేయించాలి, దాని రిపోర్టు రికార్డులో ఉంటుంది. మణికట్టు విరిగిందని అందులో ఉంటే అవతలి లాయరు బైకు మీద నుంచి పడ్డాడంటాడు, లేదంటే పోలీసులు కొట్టారంటాడు. మీ కాగితాల్లో రోకలి లేనంతవరకు ఆ కట్టుకూ మీ వంటింటికీ సంబంధమే ఉండదు. రోకలి రికార్డులోకి వస్తే, వాడు ఆ రాత్రి మీ ఇంట్లో ఉన్నాడని వాడి చెయ్యే చెబుతుంది.

కాబట్టి ఈ వారంలోనే మీరు, మీ మరిది దర్యాప్తు అధికారిని కలిసి అదనపు వాంగ్మూలం ఇవ్వండి. ముందే ఎందుకు చెప్పలేదంటే భయపడ్డామని ఉన్నమాటే చెప్పండి. వీలైతే మెజిస్ట్రేటు ముందు కూడా వాంగ్మూలం నమోదు చేయించమని అడగండి. రోకలి ఇంకా ఇంట్లోనే ఉందా? ఈలోగా దాంతో పచ్చళ్లకు దంచేసినా సరే, పంచనామా రాయించి అప్పగించండి.

ఛార్జిషీటు పడేదాకా ఆగకండి. నేను ప్రాసిక్యూటర్‌గా ఉన్నప్పుడు ఇలాంటి కేసే ఒకటి పోగొట్టుకున్నాను. చీకట్లో ముఖం ఎలా చూశావని అవతలి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగితే, టార్చి వేశానన్నాడు ఇంటాయన. నిజంగానే వేశాడు. కానీ ఫిర్యాదులో టార్చి లేదు, పోలీసులకిచ్చిన వాంగ్మూలంలోనూ లేదు. అరగంటలో కేసు నీరుగారిపోయింది. ఆ రాత్రి మీ వంటింట్లో ఏ లైటు వెలుగుతోందో కూడా చెప్పారో లేదో చూసుకోండి.

కానిస్టేబుల్ ఫొటో చూపించడం తప్పు. మెజిస్ట్రేటు ఆధ్వర్యంలో గుర్తింపు పరేడ్ (నిందితుణ్ణి మరికొందరితో కలిపి నిలబెట్టి సాక్షులతో గుర్తుపట్టించడం) జరిగేదాకా నిందితుల ముఖం సాక్షుల కంట పడకూడదు, అందుకే వాళ్లను ముసుగు వేసి తీసుకొస్తారు. జరిగిందేదో జరిగింది. పరేడ్‌లో గానీ కోర్టులో గానీ అడిగితే ఫొటో చూశానని ఒప్పుకోండి. మీ గుర్తింపుకు బలం కొంత తగ్గుతుంది, నిజమే. చూడలేదని అబద్ధమాడి దొరికిపోతే మీ మాట మొత్తానికే విలువ పోతుంది. మీ అత్తయ్యకు, మరిదికి ఆ ఫొటో చూపించలేదు కదా? వాళ్లిద్దరినీ మాత్రం దానికి దూరంగా ఉంచండి.

బంగారం కోసం కేసు తేలేదాకా ఎదురుచూడక్కర్లేదు. మెజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేయండి. ఫొటోలు తీసి, పంచనామా రాసి, పూచీకత్తు మీద ఇలాంటి నగలు సొంతదారుకు ఇచ్చేయాలని సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. బిల్లు లేకపోతే ఆ గొలుసు మెడలో ఉన్న పెళ్లి ఫొటో జత చేయండి. ఇచ్చాక దాన్ని అమ్మడం, కరిగించడం కుదరదు.

మీ అత్తయ్యను స్టేషన్‌కు రమ్మంటే వెళ్లనక్కర్లేదు. సాక్షి మహిళ అయితే పోలీసులు ఇంటికే వచ్చి అడగాలి. సాక్ష్యానికి మాత్రం కోర్టు పిలుస్తుంది. బయటికొచ్చినవాడు మీ వీధిలో తిరిగినా, ఎవరితోనైనా కబురు పంపినా తేదీ, టైము రాసిపెట్టుకోండి. బెయిల్ రద్దు చేయమని అడగడానికి అదే ఆధారం. బెయిల్ విచారణతో సహా ప్రతి దశలో బాధితుల మాట వినాలని 2022లో జగ్‌జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సాక్షుల రక్షణకు 2018 నాటి పథకం కూడా ఉంది, పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) గారి ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. లాయరు ఖర్చు గురించి టెన్షన్ పడకండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. నష్టపరిహారానికీ అక్కడే అడగాలి.

చివరిగా, అత్తయ్యగారి పళ్లు. పళ్లే కదా అని వదిలేశారేమో. చట్టం లెక్కలో పన్ను ఊడటం తీవ్ర గాయం. దోపిడీలో తీవ్ర గాయం చేసినా, మారణాయుధం వాడినా న్యాయ సంహిత 311వ సెక్షన్ కింద శిక్ష ఏడేళ్లకు తగ్గడానికి వీల్లేదు. పళ్ల డాక్టరు ఇచ్చిన చీటీ, ఎక్స్‌రే ఉంటే దర్యాప్తు అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. ఛార్జిషీటు కాపీ మీ లాయరు చేతికొచ్చాక 311 అందులో ఉందో లేదో చూసి నాకు మళ్లీ రాయండి.