ముడతలు పడని చొక్కా ముందే ఎందుకు చిరిగింది?

ప్రశ్న: ఒకేసారి కొన్న రెండు నూలు చొక్కాలలో ఒకదానిపై ‘మెర్సరైజ్డ్’ అని, రెండోదానిపై ‘రింకిల్ ఫ్రీ’ అని ఉంది. రెండోదానికి ఇస్త్రీ అవసరం పెద్దగా రాలేదు గానీ, కాలరు మడత దగ్గర అదే ముందు చిరిగింది. రెండూ అచ్చమైన నూలే కదా, ఈ తేడా ఎందుకు?

జవాబు: నూలు ఒకటే అయినా, నేత పూర్తయ్యాక ఆ బట్టలకు జరిగిన శుద్ధి వేరు. పత్తి పీచును సూక్ష్మదర్శిని కింద చూస్తే మెలికలు తిరిగిన చదునైన రిబ్బనులా కనిపిస్తుంది. గాఢమైన కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచినప్పుడు అదే పీచు ఉబ్బి, మెలికలు విప్పుకొని, దాదాపు గుండ్రంగా మారుతుంది. మెర్సరైజ్ చేయడమంటే ఇదే. ఇంగ్లండుకు చెందిన జాన్ మెర్సర్ ఈ పద్ధతికి 1850లో పేటెంటు పొందినా, బట్ట బాగా కుంచించుకుపోవడం వల్ల అప్పట్లో దానికి ఆదరణ దక్కలేదు. బట్టను బిగువుగా లాగి పట్టి ఇదే పని చేస్తే మంచి మెరుపు కూడా వస్తుందని 1890 ప్రాంతంలో హొరేస్ లో అనే రసాయనవేత్త నిరూపించిన తరువాతనే అది వ్యాపించింది. ఇక్కడ మారేది పీచు నిర్మాణమే కాబట్టి ఆ మెరుపు ఉతుకులకు పోదు. బలం పెరుగుతుంది, రంగు కూడా బాగా పడుతుంది.

ముడతల సంగతి వేరు. పత్తి పీచులో ఉండే సెల్యులోజ్ అనే పదార్థపు పొడవాటి అణువుల గొలుసులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే బలహీనమైన హైడ్రోజన్ బంధాలు తడికి, చెమటకు సడలి, గొలుసులు జారిన చోటనే మళ్లీ ఏర్పడతాయి. మనం ముడత అనేది దీనినే. ‘రింకిల్ ఫ్రీ’ బట్టకు చేసినట్టు రెసిన్ అనే రసాయనం పట్టించి వేడి చేస్తే గొలుసుల మధ్య గట్టి వంతెనలు ఏర్పడి ఆ జారుడు ఆగిపోతుంది. అయితే బట్టను లాగినప్పుడు పీచులు కాస్త జరిగి బరువును పంచుకోవడానికి అవసరమైనది కూడా ఆ జారుడే. అది లేక పీచు పెళుసుబారుతుంది. లాగుడుకు తట్టుకునే బలం మూడో వంతు వరకు, ఒక్కోసారి అంతకంటె ఎక్కువగా కూడా తగ్గుతుంది. మీ చొక్కా కాలరును వెలుతురుకు ఎత్తి చూడండి: మెడ రాపిడి పడే మడత వెంబడే పోగులు పొట్టిగా తెగి ఉంటాయి.

రోజూ వేసుకునే చొక్కాకు నేనైతే మెర్సరైజ్డ్ నూలునే ఎంచుకుంటాను. రెసిన్ శుద్ధి చేసిన దానిని కొంటే, అందులో చర్మానికి చికాకు కలిగించే ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం మిగిలి ఉండే అవకాశం ఉన్నందున మొదటిసారి వేసుకునే ముందే ఉతకండి. క్లోరిన్ బ్లీచ్ మాత్రం వాడకండి.