బాల్కనీ అద్దాలకు ఆర్గానిక్ సోలార్ ఫిల్మ్ అతికిస్తే కరెంటు బిల్లు తగ్గుతుందా?

బెంగళూరులో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నామని, టెర్రస్ మీద ప్యానెల్ పెట్టనివ్వడం లేదని, అందుకే సిలికాన్ బదులు ప్లాస్టిక్ లాంటి కార్బన్ పదార్థాలతో చేసే ఈ పల్చటి ఫిల్మ్ గురించి ఆలోచిస్తున్నామని రాశారు. ఇప్పట్లో బిల్లు తగ్గదండీ. ఇదే ఊళ్లో ఒక ల్యాబ్‌లో ఈ రకం సోలార్ సెల్స్ తయారుచేసినవాణ్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

ఇందులో వెలుతురును పట్టే పొర మందం సుమారు 100 నానోమీటర్లే. పాలిమర్ ద్రావణాన్ని గాజు ముక్క మీద చుక్క వేసి గిర్రున తిప్పితే, క్షణాల్లో ఊదారంగు పొర పరుచుకుంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటేసేది. కష్టమంతా ఆ తర్వాతే.

ఒకసారి జూలై ముసురులో ఒకే బ్యాచ్ సెల్స్ రెండు తీశాం. ఒకదానికి గ్లవ్ బాక్స్‌లోనే (బయటి గాలి చొరకుండా మూసి, చేతి తొడుగుల్లోంచి పనిచేసే పెట్టె), నైట్రోజన్ మధ్య, పైన గాజు పెట్టి ఎపాక్సీ జిగురుతో సీల్ చేశాం. రెండోదాన్ని అలాగే బల్ల మీద వదిలేశాం. మర్నాడు కొలిస్తే సీల్ చేసింది కులాసాగా ఉంది. రెండోదాని మీద కరెంటును బయటికి తెచ్చే అల్యూమినియం పొర అంచుల వెంట సన్నటి మచ్చలు లేచాయి, కరెంటు బాగా పడిపోయింది. పక్కనే ఉన్న ఒంగోలు అక్క, మా సీనియర్, "చూశావా తమ్ముడూ, ఎండ కంటే ముందు గాలే దీన్ని తినేస్తోంది" అంది.

పేపర్లలో మాత్రం ఎప్పుడూ ఎఫిషియెన్సీ గోలే, అంటే పడిన వెలుతురులో ఎంత శాతం కరెంటుగా మారిందన్న లెక్క. 1986లో కెమెరా ఫిల్ముల కంపెనీ కొడాక్‌లో చింగ్ టాంగ్ అనే శాస్త్రవేత్త చూపించిన ఆర్గానిక్ సెల్ 1 శాతం దగ్గర ఉంటే, ఇవాళ ల్యాబుల్లో 19 దాటింది. నిజంగా గొప్ప సంగతే. కానీ ఆ రికార్డు సెల్స్ చాలావరకు వేలిగోరంత కూడా ఉండవు, ఎన్నాళ్లు పనిచేశాయో ఏ హెడ్‌లైనూ చెప్పదు. మన తేమకూ ఎండకూ తట్టుకునేలా సెల్స్‌ను చవకగా సీల్ చేసే పద్ధతుల మీద డబ్బు పెట్టాలని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఇంట్లో ఎల్ఈడీ వెలుతురులో నడిచే చిన్న సెన్సార్లకైతే ఇవి బ్రహ్మాండంగా సరిపోతాయి.

బిల్లే మీ సమస్య అయితే సిలికాన్ ప్యానెల్‌కే వెళ్లండి. 20 శాతం పైన ఇస్తుంది, 25 ఏళ్ల వారంటీ మామూలే. టెర్రస్ మీద దుప్పట్లు ఆరేసుకోవడానికి లేని అభ్యంతరం ప్యానెల్‌కు ఎందుకో మా అసోసియేషన్ కూడా ఇంతవరకు చెప్పలేదు. ఓనర్‌ను వెంటబెట్టుకుని మీటింగ్‌కు వెళ్లి అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.