పడిన డబ్బు ఎటు పోతోంది?
పాఠకుల ప్రశ్నలు – సీసీ అక్క జవాబులు

(చిత్తూరు జిల్లా పల్లెల్లో వెలుగు పథకం కమ్యూనిటీ కోఆర్డినేటరుగా పనిచేసి రిటైరైన అక్క ఈ శీర్షిక నిర్వహిస్తున్నారు.)

ప్రశ్న: అక్కా, మాది పలమనేరు దగ్గర పల్లె. ఎకరా ముప్పావు మెట్ట, ఒక జెర్సీ ఆవు. ఇద్దరు పిల్లలకు కలిపి తల్లికి వందనం కింద 2025 జూన్‌లో 26,000 పడింది. అత్తకు నెలకు 4,000 పింఛను. మా ఆయన పేరున అన్నదాత సుఖీభవ వస్తుంది. ఇంత వస్తా ఉన్నా చేతిలో రూపాయి నిలవదు. తిరుపతిలో టీచరుగా చేసే మా బావగారు ఇంటికొచ్చినప్పుడల్లా ‘ఊరికే వచ్చే డబ్బుతో సోమరులైపోతా ఉండారు, కూలికి పిలిస్తే ఒక్కరూ రారు’ అంటారు. మా ఆయనేమో ఈసారి పడేదానికి కొంత అప్పు కలిపి బోరు వేద్దామంటాడు. ఈ డబ్బు మాలాంటోళ్ళకు నిజంగా మేలు చేస్తా ఉందా? బోరు వేయమంటావా?
– ఒక పాఠకురాలు, పలమనేరు మండలం

జవాబు: బోరు మాట ముందు తేల్చేద్దాం. వద్దమ్మా.

మన పడమటి మండలాల్లో బోరు ఎట్లా మొదలవుతుందో నీకు నేను చెప్పాలా? అరచేతిలో టెంకాయ పెట్టుకుని ఒకాయన చేనంతా తిరుగుతాడు. అది నిక్కపొడుచుకుని లేచిన చోట సున్నం గుర్తు పెట్టి, ‘ఇక్కడ రెండు ధారలు కలుస్తున్నాయి’ అంటాడు. రాత్రికి బండి వస్తుంది. లోతు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది. నాలుగొందల అడుగుల దగ్గర తెల్లటి పొడి లేస్తుంటే, ‘ఇంకో వంద పోనీ అన్నా, ఇంత పెట్టి ఇప్పుడు ఆపుతావా’ అని పక్కనున్నవాళ్ళే ఎగదోస్తారు. వెయ్యి అడుగులు పోయినా తడి తగలని బోర్లు మన దగ్గర కొత్త కాదు. కేసింగు, మోటారు, కేబులు కలిపితే పిల్లల చదువు కోసం వచ్చిన డబ్బు అందులో ఓ మూలకు చాలదు. మిగతాదంతా మూడు రూపాయల వడ్డీకి తేవాల్సిందే.

ఇక చేతిలో నిలవడం లేదన్నావు. నీ ఉత్తరంలో వచ్చే డబ్బు పైసాతో సహా రాశావు. అప్పు ఎంతుందో ఒక్క ముక్క రాయలేదు! పొదుపు గ్రూపు మీటింగుల్లో నేను మొట్టమొదట ఇదే రాయించేదాన్ని: ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి. వారం వారం కంతు కట్టించుకునే కంపెనీ లోను, ఆవుకు తెచ్చిన దాణా బాకీ, పెళ్ళికి చేసిన చేబదులు, కుదువ పెట్టిన కమ్మలు, అన్నీ. మగవాళ్ళకు తెలియని అప్పులు కూడా అందులో ఉండేవి, అది వేరే కథ.

మాటవరసకు మీ ఇంటికి 60,000 అప్పు ఉందనుకుందాం, మూడు రూపాయల వడ్డీ. నెలకు 1,800, ఏడాదికి 21,600. పిల్లల పేరున వచ్చిన 26,000లో వడ్డీ పోగా మిగిలేది 4,400. అసలులో రూపాయి తగ్గదు. ప్రభుత్వం నీ ఖాతాలో వేసింది, నీ ఖాతా నుంచి వడ్డీ వ్యాపారి పెట్టెలోకి పోయింది. అందుకే నిలవడం లేదు. ఇదే 60,000 గ్రూపు ద్వారా బ్యాంకు లోనుగా, రూపాయి వడ్డీకి దొరికితే నెలకు 600 సరిపోతుంది. నెలకు 1,200 మిగిలినట్టే కదా. ఆ డబ్బు ఏ పథకమూ ఇవ్వదు, నువ్వే చేసుకోవాలి. కాబట్టి ఈసారి పడినదాన్ని మొదట అన్నిటికన్నా ఎక్కువ వడ్డీ ఉన్న అప్పులోకి కట్టు. వారం కంతుల వాళ్ళు ‘ఇంకో లోను ఇస్తాం’ అని వాకిట్లోనే నిలబడతారు, తలుపు వేసుకో.

మేలు చేస్తోందా అని అడిగావు. చేస్తోంది. అయితే అన్ని డబ్బులూ ఒక్క తీరుగా చేయవు. నా లెక్కలో ఏడాదికొకసారి పడే పెద్ద మొత్తం కన్నా మీ అత్త పింఛనే బలమైనది. ఒకటో తారీఖు ఇంటికి వచ్చి ఇస్తారు. ఒకటి సెలవైతే ముందురోజే ఇస్తారు. ఆ తారీఖు అంగడాయనకూ తెలుసు, అందుకే ఇరవయ్యో తేదీన కూడా నూనె ప్యాకెట్టు పద్దు రాసి ఇస్తాడు. మాత్రలు అయిపోయేముందే తెచ్చుకోవచ్చు. 2014 అక్టోబరుకు ముందు ఆ పింఛను 200. అప్పుడు అది 1,000 అయింది, 2019 మొదట్లో 2,000, 2024 మొదట్లో 3,000, ఆ ఏడాది జూలైలో 4,000. 200 కాలంలో కోడళ్ళు ‘ఈ ముసలామెను నువ్వు పెట్టుకో, నువ్వు పెట్టుకో’ అని వంతులు వేసుకోవడం నేను చూశాను. ఇప్పుడు ‘మా అత్త మా దగ్గరే ఉంటుంది’ అంటున్నారు. ప్రేమ పెరిగిందని నేననను. కంచంలో కూర మాత్రం పెరిగింది.

పెద్ద మొత్తం విషయంలో, ఎప్పుడు పడుతుందన్నదే అసలు సంగతి. ఇది ఏ పార్టీ పథకమన్నది ఈ శీర్షికకు పట్టదు. 2020 జనవరి 9న అమ్మఒడి మన చిత్తూరులోనే మొదలుపెట్టారు, పిల్లల్ని బడికి పంపే తల్లికి 15,000. జనవరి అంటే సంక్రాంతి. గ్రూపు పుస్తకాల్లో చూస్తే ఆ డబ్బు బట్టలకు, పాత బాకీలకు పోయింది. జూన్‌లో నోటు పుస్తకాలకు, ఆటో ఫీజుకు మళ్ళీ అప్పు కోసం వచ్చినవాళ్ళున్నారు. తల్లికి వందనం 2025 జూన్ 12న, బళ్ళు తెరిచే రోజున వేశారు. ఎందరు పిల్లలుంటే అందరికీ. 15,000లో 2,000 బడి నిర్వహణకు పట్టుకుని 13,000 ఇచ్చారు. అవసరం వచ్చిన వారంలో డబ్బు వస్తే దానికి వడ్డీ తగలదు. చెనక్కాయ విత్తనాలకైనా ఇదే మాట. అన్నదాత సుఖీభవ మొదటి విడత 7,000 ఆగస్టు 2న పడింది. పిఎం కిసాన్ 2,000 అందులోదే. జూలై వానకు విత్తుకున్నవాడు అప్పటికే అప్పు చేసి ఉంటాడు.

ఇంకో మాట. ఆ పింఛను మీ అత్త చేతికే ఉండనీ. ‘ఇంట్లో ఖర్చుకే కదా’ అని నువ్వు తీసుకోకు. దక్షిణాఫ్రికాలో ముసలివాళ్ళ పింఛను మీద ఎస్తేర్ డఫ్లో పరిశోధన చేసింది. 2019లో ఆర్థికశాస్త్రం నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆమె ఒకరు. పింఛను అవ్వ చేతికి వచ్చిన ఇళ్ళల్లో మనవరాళ్ళు ఒళ్ళు చేశారు, తాత చేతికి వచ్చిన ఇళ్ళల్లో అంత తేడా కనబడలేదు. మన ఊళ్ళో దీనికి పరిశోధన అక్కర్లేదనుకో. పిల్లకు కోడిగుడ్డు ఎవరు కొనిపెడతారో అందరికీ తెలుసు.

మీ బావగారి సోమరితనం మాటకొద్దాం. ఆయనకు ఒకటో తారీఖు జీతం పడుతుంది, ఆయనేమీ సోమరి కాలేదు కదా! ఆయన చూసింది మాత్రం అబద్ధం కాదు. కూలికి పిలిస్తే వచ్చేవాళ్ళు తగ్గారు. అయితే రాకపోతే పని మానేసినట్టేనా? 2011–12లో మధ్యప్రదేశ్ పల్లెల్లో ‘సేవ’ (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం, యునిసెఫ్ కలిసి ఒక ప్రయోగం చేశాయి. షరతు లేకుండా పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 ఇచ్చి, తర్వాత 300, 150 చేశారు. అక్కడ జనం పని మానలేదు, పరాయి చేలో కూలి తగ్గించుకుని సొంత చేలో ఎక్కువ పని చేశారు. పిలిచినవాడి కంటికి అది సోమరితనమే. ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ, ఆయన తోటివాళ్ళు ఆరు దేశాల్లో ఏడు పథకాలు చూసి, నగదు ఇస్తే జనం పని మానేస్తారనడానికి ఆధారం లేదని తేల్చారు.

అట్లాగని రైతు బాధ ఉత్తిదని అనను. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు కాయ కోయించిన కూలి కూడా రాని తోటలున్నాయి. అప్పుడు ఫ్యాక్టరీ కిలోకు 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 రైతు ఖాతాలో వేస్తుంది అన్నారు. తోటలున్న పెద్ద రైతులూ ఆ నాలుగు రూపాయల కోసం ఫోనులో మెసేజీ చూసుకుంటూ కూర్చున్నారు. అది నగదు బదిలీ కాదా? వాళ్ళను సోమరులని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా.

తాగుడు మాట నువ్వు ఎత్తలేదు, బావగారు ఎత్తుతారు. ఎన్నో దేశాల అధ్యయనాలు కలిపి చూసిన ప్రపంచ బ్యాంకు వాళ్ళకు నగదు ఇచ్చిన చోట తాగుడు ఖర్చు పెరిగినట్టు కనబడలేదు. భార్య ఏటీఎం కార్డు లాక్కుని పోయే మొగుళ్ళు లేరని మాత్రం చెప్పను. కార్డు వెనక పిన్ నంబరు రాసిపెట్టే అలవాటుంటే ఈరోజే చెరిపేయ్.

ప్రశ్న: అక్కా, నేను శ్రీకాళహస్తి పక్కన నాలుగెకరాల వరి కౌలుకు చేస్తున్నాను. భూమి ఆసామి చెన్నైలో ఉంటాడు. రైతు డబ్బులు ఆయన ఖాతాలో పడతాయి, నాకు పైసా రాదు. ఏం చేయాలి?
– ఒక కౌలు రైతు

జవాబు: తమ్ముడూ, ఈ పథకాల్లో ఉన్న పెద్ద బొక్క ఇదే. పిఎం కిసాన్ 2019 ఫిబ్రవరి నుంచి భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ళకే. కౌలుదారుకు అందులో చోటు లేదు. రాష్ట్రం వాటా కావాలంటే పంట సాగుదారు హక్కు కార్డు ఉండాలి. 2019 చట్టం ప్రకారం దానికి ఆసామి సంతకం కావాలి, పదకొండు నెలలే చెల్లుతుంది. ‘సంతకం పెడితే భూమి పోతుందేమో’ అని ఆసామి భయం. కార్డుతో భూమి మీద హక్కు రాదని వీఆర్వో చేత ఫోనులో చెప్పించు, నీ మాట కన్నా ఆయన మాట వింటాడు. అది కుదరకపోతే కౌలు మాట్లాడుకునేటప్పుడే ‘నీకు పడే డబ్బు కౌలులో తగ్గించు’ అని పెద్దమనుషుల ముందు అడుగు. మొహమాటపడకు. ఏది ఎట్లా పోయినా రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్‌లో సాగు చేసేది నువ్వేనని ఎక్కించుకో. రేపు తుఫాను వచ్చి పంట పోతే అదే నీకు సాక్ష్యం.

ప్రశ్న: మాది పుంగనూరు వైపు. నేను చింతపండు కొట్టే పనికి పోతాను. పథకం డబ్బు పడిందని సచివాలయంలో చెప్పినారు, బ్యాంకులో లేదన్నారు. వేలిముద్ర కూడా పడదు. ఊళ్ళో మిషను పెట్టుకున్న అతను తీసిచ్చినప్పుడల్లా వంద పట్టుకుంటాడు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నువ్వు దరఖాస్తులో రాసిన ఖాతా నంబరుకే డబ్బు వస్తుందనుకుంటున్నావు. ఆధార్ మీద వేసే డబ్బు నీ ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు ఖాతా కలిపారో దానికే పోతుంది. ఎప్పుడో గ్యాసు కోసం, ఉపాధి హామీ కోసం తీసి మర్చిపోయిన ఖాతా ఏదైనా ఉందా? సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటును అడిగితే ఏ బ్యాంకుకు కలిసి ఉందో చూసి చెబుతారు. ఆ పాస్‌బుక్కు వెతుకు. అది దూరమైతే దగ్గరి బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఖాతా తీసి దానికి కలపమని అర్జీ ఇవ్వు. పాత అప్పున్న బ్యాంకు కాకుండా చూసుకో.

చింతగింజ తీసీ తీసీ వేలి కొనలు నున్నగా అయిపోతాయి, పులుపుకు తోలు లేస్తుంది. పనిలోంచి నేరుగా పోయి వేలు పెడితే మిషను ఒప్పుకోదు. పనిలేని రోజు చూసి పో, ముందురాత్రి కొబ్బరినూనె రాసుకుని తెల్లారి సబ్బుతో కడుక్కో, బొటనవేలు కాక ఉంగరం వేలు పెట్టి చూడు. అయినా పడకపోతే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా తీయించుకో. ఇక ఆ వంద ఇవ్వొద్దు. అతనికి కమీషను బ్యాంకే ఇస్తుంది. తీసిన ప్రతిసారీ మిషనులోంచి వచ్చే కాగితం అడుగు. ‘పడలేదు, మళ్ళీ పెట్టు’ అని రెండుసార్లు వేలు పెట్టించుకుంటే ఆ రోజే పాస్‌బుక్కు ఎంట్రీ వేయించుకో, రెండుసార్లు తీశాడో లేదో అందులో కనబడుతుంది.